మూడవ తీగె

నంద్యాల నుండి వెలుగోడు పోవు బాటలో, కుడిచేతి వైపున నల్లమల కొండల నీలిరేఖ విడువక వెంట వచ్చుచుండగా, వరిమళ్ల నడుమ బండి ఆత్మకూరు కలదు. అదే బాటను ఇంకను సాగిపోయినచో మరియొక ఆత్మకూరు తగులును గనుక, ఈ ఊరిని ‘బండి’ అను మాట చేర్చక ఎవరును పిలువరు. అక్కడ నా చెల్లెలి కుమారుడు రోడ్డు ప్రక్కన ఒక గది బాడుగకు తీసికొని, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు యంత్రము పెట్టుకొని, రైతులకు అడంగలు, 1-బి నకళ్లును, పిల్లలకు పరీక్షల దరఖాస్తులును, పెండ్లివారికి ఫ్లెక్సీ బొమ్మలును చేసి యిచ్చుచు జీవించుచున్నాడు. ఒక వేసవి మధ్యాహ్నము ఓంకార క్షేత్రమునకు పోయి తిరిగి వచ్చుచు అతని గదిలో కొంతసేపు కూర్చుండగా, అతడు కంప్యూటరు పెట్టె వెనుక చేయి పెట్టి దిగ్గున వెనుకకు లాగికొని, “మామా, ముట్టుకుంటే జుమ్మంటాంది సూడు. శానా దినాల్నుంచి ఇట్లే ఉండాది. చెప్పులేసుకొని పని జేసుకుంటాండా” అనెను.

ఆ చెప్పుల మాట నా మనస్సును కలచినది. నలువది యేండ్లు బడిపిల్లలకు భౌతికశాస్త్రము చెప్పినవాడను; విద్యుత్తు గురించిన ప్రకరణము ఎన్నిసారులు చెప్పితినో లెక్క లేదు; అయినను నా యింటి పిల్లవాడే పెట్టె జుమ్మనుటను ఎండవలె, ఉబ్బవలె సహజమైన సంగతిగా ఎంచి, దానికి చెప్పులే విరుగుడని నమ్మి, నిర్భయముగా దినములు వెళ్లబుచ్చుచున్నాడు. జేబులోని టెస్టరు తీసి కేబినెట్టు మరకు ఆనించగా లోపలి నియాను దీపము ఎఱ్ఱగా వెలిగినది. ఆ పెట్టె వెనుకభాగమున, చిన్న పంకాతో, నల్లని పవరు కార్డు దూర్చిన బొరియతో నుండు ఆ ఇనుప డబ్బానే మనవారు ఎస్.ఎం.పి.ఎస్. అందురు. కంప్యూటరు కొనునప్పుడు ప్రాసెసరు ఏది, మెమరీ ఎంత అని పదిమందిని అడుగువారు సైతము ఈ డబ్బాను గూర్చి అడుగరు. కేబినెట్టుతోబాటు ఊరకే వచ్చిన వస్తువుగా దానిని స్వీకరింతురు. తక్కిన భాగములన్నింటి ఆయుర్దాయము దాని చేతిలో నున్నదను సంగతి, అది చెడి, తనతో మదర్‌బోర్డును, హార్డుడిస్కును తీసికొనిపోయిన పిమ్మట గాని తెలియదు.

ఈ డబ్బా చేయు పనిని గ్రహింపవలెనన్న నంద్యాల జిల్లా కంటె తగిన చోటు అరుదు. ఈ జిల్లాకు ఉత్తరపు కొసను శ్రీశైలమున్నది. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు, నీటి వడికి తిరుగుచు 770 మెగావాట్ల విద్యుత్తు నీయగలవు. తిరుగు యంత్రమునుండి పుట్టునది కనుక ఆ విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు, అనగా సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున ముందుకును వెనుకకును ఊగునది. పడమటి వైపున గని, శకునాల గ్రామములకడ 5,900 ఎకరములకు పైబడిన మెట్టనేలలో 2017లో పూర్తియైన 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము కలదు. సూర్యరశ్మి సోకిన సిలికాన్ పలకలలో పుట్టునది ఏకముఖ విద్యుత్తు. ఎల్లప్పుడు ఒకే దిక్కునకు ప్రవహించునది. దానిని అక్కడనే ఇన్వర్టర్లతో ఏకాంతర విద్యుత్తుగా మార్చి, పెద్ద తీగెలపై పంపి, సబ్‌స్టేషన్లలో దించి, 11 కిలోవోల్టుల ఫీడరుపై ఊరికి తెచ్చి, స్తంభము మీది ట్రాన్స్‌ఫార్మరులో మరల దించి, 230 వోల్టులుగా మన గోడలోని సాకెట్టుకు చేర్చుదురు. అంత దూరము అంత శ్రమపడి వచ్చిన ఏకాంతర విద్యుత్తును కంప్యూటరు స్వీకరింపదు! దాని ప్రాణమైన ట్రాన్సిస్టర్లకు కావలసినది నిశ్చలమైన ఏకముఖ విద్యుత్తే. అదియు 12, 5, 3.3 వోల్టుల వంటి అల్పప్రమాణములలోనే. గని పొలములో పుట్టినప్పుడున్న రూపమునకే దానిని తిరిగి తెచ్చు బాధ్యత ఆ డబ్బాది.

వెనుకటి రేడియోలలో ఈ పనిని బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు చేసెడిది. సెకనుకు 50 సారులు మాత్రమే ఊగు విద్యుత్తును మోయుటకు ట్రాన్స్‌ఫార్మరు గుండెలో చాల ఇనుము కావలెను. మూడు నాలుగు వందల వాట్లకైనచో అది మిక్కిలి బరువగును. ఊపు వేగమైన కొలది ఇనుము తగ్గునను సూత్రము ఫారడే కాలము నుండి తెలిసినదే; వేగముగా తెరచి మూయగల స్విచ్చి ట్రాన్సిస్టర్ల రూపమున చౌకగా లభించినంతనే ఆ సూత్రము ఫలించినది. 1977లో వచ్చిన ఆపిల్-2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ అను ఇంజనీరు ఇట్టి స్విచ్చింగు సరఫరానే రూపొందించెను. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లోని సరఫరా శక్తి 63.5 వాట్లు మాత్రమే. నేడు మనము ఎరిగిన ఎ.టి.ఎక్స్. ఏర్పాటును 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించినది.

దీని పనితీరును కాలువ నీటితో పోల్చి చెప్పిన మావైపు వారికి సులువుగా బోధపడును. గోడనుండి వచ్చిన 230 వోల్టులను మొదట ఏకధిక్కరణము చేసి, అనగా ఊపునంతటిని ఒకే దిక్కునకు మరల్చి, ఒక పెద్ద కెపాసిటరులో నింపుదురు. 230 అనునది సగటు వంటి లెక్కయే. ఊపు శిఖరమున అది 325 వోల్టులుండును గనుక ఆ కెపాసిటరు అంతవరకు నిండును. పవర్ ఫాక్టరును సవరించు ఏర్పాటు గల మేలిరకములలో 390 వోల్టుల దరికి కూడ పోవును. ఇది చెరువు. ఈ చెరువునకు తూము వంటిది స్విచ్చింగు ట్రాన్సిస్టరు. అది సెకనుకు పదుల వేల సారులు తెరచుకొనుచు మూసికొనుచు, పిడికెడంత ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరు గుండా విద్యుత్తును తునుకలు తునుకలుగా వదలును. ఆవలి వైపున ఆ తునుకలను మరల ఏకధిక్కరించి, చదును చేసి, మదర్‌బోర్డునకు అందింతురు. కె.సి. (కర్నూలు-కడప) కాలువ మీది లస్కరు, క్రింది మడిలో నీరు తగ్గినచో తూమును కొంచెము ఎక్కువసేపును, నిండినచో తక్కువసేపును తెరచునట్లు, ఇక్కడ ఒక చిన్న నియంత్రణ చిప్పు ఆవలి వోల్టేజిని అనుక్షణము చూచుకొనుచు తూము తెరచియుండు కాలమును సవరించును. 12 వోల్టులు 11.4 కు దిగరాదు, 12.6 కు మించరాదు. 5 వోల్టులు 4.75కు దిగరాదు, 5.25కు మించరాదు. ఈ నూటికి ఐదు హద్దును ప్రాసెసరు ఒక్కసారిగా పనిలో మునిగినప్పుడును, ఉన్నట్టుండి విశ్రమించినప్పుడును సమముగా కాపాడుటలోనే మంచి డబ్బాకును చెడ్డ డబ్బాకును భేదము తెలియును.

ఇందులో నాకు మిక్కిలి ఇష్టమైన చిన్న సంగతి యొకటి కలదు. బూడిదరంగు తీగె యొకటి మదర్‌బోర్డునకు పోవును. స్విచ్చి నొక్కినంతనే ప్రాసెసరు పని మొదలుపెట్టదు. వోల్టేజిలన్నియు తమ హద్దులలో కుదురుకొని, సెకనులో పదవ వంతు మొదలు సగము వరకు కాలము గడచిన పిమ్మట, ‘అంతయు సరిగా నున్నది’ అని ఆ తీగె మీద డబ్బా సంకేతమిచ్చిన గాని ప్రాసెసరు కన్ను తెరువదు. ఆ సంకేతము తొలగిన మరుక్షణము అన్నియు ఆగిపోవును. నాసిరకము వస్తువులలో కొందరు ఈ తీగెను ఏ పరీక్షయు లేకుండ 5 వోల్టులకే అతికింతురు. అది కావలివాడు నిద్రించుచు ‘ఊ’ కొట్టుట వంటిది.

ఇక జుమ్మనుట మాట. డబ్బా ముఖద్వారముననే, అది పుట్టించు రేడియో రొదను వెలికి పోనీయక ఆపుటకై రెండు చిన్న కెపాసిటర్లుండును. ఒకటి ఫేజు తీగెనుండి కేబినెట్టు లోహమునకును, మరియొకటి న్యూట్రలు తీగెనుండి అదే లోహమునకును కట్టబడియుండును. లోహము మూడవ తీగె ద్వారా, అనగా ఎర్తు ద్వారా, భూమికి చేరియున్నంతకాలము ఆ కెపాసిటర్ల గుండా కారు స్వల్పవిద్యుత్తు నేలలోనికి ఇంకిపోవును. మనకు దాని ఉనికియే తెలియదు. ఆ మూడవ తీగె లేనినాడు లోహపు పెట్టె రెండు సమానమైన కెపాసిటర్ల నడుమ త్రాసుముల్లువలె వ్రేలాడుచు, 230కి సగమైన 115 వోల్టులకు ఎక్కి కూర్చుండును. టెస్టరు వెలుగుట అందుకే. ఒక్క కంప్యూటరైనచో చేతిలోనికి వచ్చునది మిల్లీ ఆంపియరులో మూడవ వంతు వంటిది, చాలమందికి తోచియు తోచనిది; కాని ప్రింటరు, మానిటరు, జిరాక్సు యంత్రము తీగెలతో ఒకదానికొకటి కలిసియుండుటచేత అన్నింటి కారుడును ఒక్కచోట కూడి, మిల్లీ ఆంపియరును దాటి, చర్మమునకు జుమ్మని తగులును. నా మేనల్లుని గదిలో జరిగినది ఇదియే.

అంత స్వల్పమైనదానికి ఇంత కలవరమేల యని అడుగవచ్చును. ఆ జుమ్మనుట స్వయముగా ప్రాణము తీయదు, నిజమే. అది తెలుపు వార్త మాత్రము ప్రాణాంతకమైనది. పెట్టెకు భూమితో సంబంధము లేదనియే ఆ వార్త. లోపలి ఇన్సులేషను ఒకనాడు చెడి, లేదా ఒక బల్లి గాలిరంధ్రము గుండా దూరి ఫేజునకు లోహమునకు నడుమ పడి కాలి, 230 వోల్టులును పెట్టెకెక్కినచో, ఎర్తు ఉన్న ఇంట క్షణములో ఫ్యూజు పోవును, ఎం.సి.బి. పడును, ఎర్తు లేని ఇంట పెట్టె మౌనముగా వేచియుండును. మొదట ముట్టిన చేయియే దానికి ఎర్తు. నేలతుడుచుటకు తడిబట్టతో వచ్చిన చేయి కావచ్చును, క్రింద ఆడుకొను బిడ్డ చేయి కావచ్చును. వారి కాళ్లకు చెప్పులుండవు.

సాకెట్టు విప్పించి చూడగా, మూడవ రంధ్రము వెనుక తీగెయే లేదు. రంధ్రమున్నది, ఇత్తడి బిళ్ల యున్నది, దానికి ఏమియు కట్టి లేదు. ప్లగ్గులో ఎర్తు కడ్డీని తక్కిన రెండింటి కంటె పొడవుగా, లావుగా చేయుట ఊరకే కాదు. దూర్చునప్పుడు అన్నింటి కంటె ముందు భూమి సంబంధము కలుగవలెననియు, ఊడదీయునప్పుడు అన్నింటి కంటె చివర తెగవలెననియు పెద్దలు అట్లు నిర్ణయించిరి. అంతటి ఆలోచనతో చేసిన కడ్డీ మా పిల్లవాని గదిలో శూన్యములోనికి పోయి నిలిచియుండెను. విప్పినవాడు, “న్యూట్రల్నే దీనికి కలిపేస్తే సరిపోతాది సార్, జుమ్మనేది పోతాది” అనెను. జుమ్మనుట పోవును, నిజమే. కాని స్తంభము మీదనో మీటరు కడనో న్యూట్రలు తీగె తెగిన దినమున, ఫేజు విద్యుత్తు కంప్యూటరు గుండా ప్రవహించి, దారిలేక ఆ కలిపిన తీగె మీదుగా పెట్టెకే పూర్తి బలముతో ఎక్కును. ఈ కలుపుడు అలవాటు మన పల్లెలలో విస్తారముగా నున్నది. దీనిని ఎవరు చేయబోయినను చేయిపట్టి ఆపుట అవసరము. నీళ్ల గొట్టమునకు కట్టుటయు అట్టిదే. ఎచటనో స్నానము చేయువారికి అది ముప్పు తెచ్చును.

సరియైన ఎర్తు గుంత కష్టసాధ్యమైనది కాదు. సుమారు 40 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ ఇనుప గొట్టమును, 2.5 మీటర్లకు తక్కువ కాకుండ, నిలువుగా పాతి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా నింపి, పైన నీళ్లు పోయుటకు గరాటు అమర్చి, అచటి నుండి మందపు తీగెను మెయిన్ బోర్డునకు తెచ్చి, ప్రతి సాకెట్టు మూడవ రంధ్రమునకును చేర్చవలెను. మావైపు నేల నల్లరేగడి. తడిగా నున్నప్పుడు అది మంచి వాహకము. ఇసుకనేల, రాతినేల దానికి సాటిరావు. కాని ఏప్రిల్, మే మాసములలో అదే నేల చేయి దూరునంత బీటలు వారి, గొట్టమును వదలి ప్రక్కకు తొలగి, తేమ లేక విద్యుత్తును నిరాకరించును. సంక్రాంతికి సరిగా నున్న ఎర్తు ఉగాది దాటగనే పనిచేయకపోవుట మా ప్రాంతమున అరుదు కాదు. మీటరుతో చూచునప్పుడు ఫేజుకు న్యూట్రలునకు నడుమ ఎంత వచ్చునో, ఫేజుకు ఎర్తునకు నడుమను రమారమి అంతే రావలెను. న్యూట్రలునకు ఎర్తునకు నడుమ రెండు మూడు వోల్టులు మించరాదు. ఈ కొలతను తెలిసిన ఎలక్ట్రీషియనుచేతనే చేయించవలెను. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్లకు తెగు ఆర్.సి.సి.బి. యొకటి కూడ పెట్టించినచో, ఎం.సి.బి. గుర్తింపలేని చిన్న కారుడును సైతము అది పట్టుకొనును.

ఎర్తు కుదిరిన పిమ్మట, పాత డబ్బాపై నమ్మకము లేక, క్రొత్తది కొనుటకు నంద్యాల పోతిమి. అంగడిలో ఎంపిక యనగా వాట్ల అంకెయే యని అందరి భావన. డబ్బా ప్రక్కన నుండు చీటీని ఓపికగా చదివిన ఆ భావన తొలగును. ఒక చీటీపై 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 30, 3.3 దగ్గర 28, ఋణ 12 దగ్గర 0.8, ఎల్లప్పుడు మేలుకొనియుండు 5 వోల్టుల దగ్గర 2 అని యున్నదనుకొందము. గుణించి చూడగా 192, 150, 92.4, 9.6, 10 వాట్లు, మొత్తము 454. అందుపై ‘450 వాట్లు’ అని పెద్ద అక్షరములతో వ్రాసికొందురు. కాని ఒకప్పుడు కంప్యూటరు 5 వోల్టుల మీద బ్రతికినది. 2000 ప్రాంతమున ప్రాసెసరుకు వేరుగా 12 వోల్టుల తీగె వచ్చినది మొదలు, 2003 నాటి ఎ.టి.ఎక్స్. 12 వి రెండవ సవరణ పిమ్మట, ఆకలి యంతయు 12 వోల్టుల వైపునకే మొగ్గినది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు, పంకాలు అన్నియు అందులోనివే తినును. అట్లైనచో ఆ డబ్బా నిజశక్తి 192 వాట్లే. అదే 450 వాట్ల పేరుతో మేలైన తయారీదారుడు చేసిన డబ్బాపై 12 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లుండును, అనగా 432 వాట్లు. వాట్ల విషయమున చూడవలసిన గడి యిది యొక్కటే యని నా నిశ్చితాభిప్రాయము. చేతితో తూచిచూచుటయు పనికివచ్చు పాత ఉపాయమే; లోపల ఫిల్టర్లు, తగినంత రాగి, అల్యూమినియము లేని డబ్బా తేలికగా నుండును.

ఎంత కావలెను? జిరాక్సు అంగడి కంప్యూటరులో 65 వాట్ల తరగతి ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమరీ, ఒక ఎస్.ఎస్.డి., ఒక హార్డుడిస్కు, రెండు పంకాలు కలిసి పనివేళ 120 నుండి 150 వాట్లు తీసికొనును. ప్రాసెసరు క్షణకాలము తన తరగతిని మించి లాగుటయు కలదు. దీనికి నిజాయితీ గల 350 వాట్ల డబ్బా పుష్కలము. ఫ్లెక్సీలు, వీడియోలు చేయువారు గ్రాఫిక్స్ కార్డు పెట్టుకొన్నచో, ఆ కార్డు వాట్లను కలిపి, పైన మూడవ వంతు వెసులుబాటు ఉంచుకొని, 450 గాని 550 గాని తీసికొనవచ్చును. పెద్ద అంకె గల డబ్బా ఎక్కువ కరెంటు కాల్చునను భయము నిరాధారము. కంప్యూటరు అడిగినంతయే అది ఇచ్చును. కాల్చుడు తేడా వచ్చునది దక్షతలో. 120 వాట్లు ఇచ్చుటకు నూటికి 70 దక్షత గల డబ్బా గోడనుండి 171 వాట్లు లాగగా, 85 దక్షత గలది 141 లాగును. దినమునకు పది గంటల చొప్పున ఏటికి 300 దినములు నడచు అంగడిలో ఆ తేడా 90 యూనిట్లు. 2004లో మొదలైన ‘80 ప్లస్’ ముద్ర ఈ దక్షతకే కొలబద్ద. సురక్షితత్వమునకు కాదు, అయినను ఆ పరీక్షకు నిలిచినదానిలో లోపలి సరకు సామాన్యముగా మేలైనదే యుండును.

కాల్చిన ఆ అదనపు వాట్లు ఎచటికి పోవును? డబ్బాలోనే వేడిగా మారును. నంద్యాల వేసవిలో గదిగాలియే 40 దాటియుండగా డబ్బా లోపలి సంగతి చెప్పనక్కరలేదు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవముండును. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొలది వాని ఆయువు రమారమి సగమగును. కనుక 105 డిగ్రీల కెపాసిటర్లు గలదియు, వాట్ల హామీని 25 డిగ్రీలకు గాక 40 లేదా 50 డిగ్రీలకు ఇచ్చినదియు మన నేలకు తగినది. కోతల కాలమున వడ్ల దుమ్ము పంకా రెక్కలకు అట్టకట్టును. ప్లగ్గు ఊడదీసి, పంకా తిరుగకుండ పుల్లతో ఆపి, వెలుపలి నుండి బ్లోయరుతో ఊదవలెను. మూత మాత్రము ఎన్నడును విప్పరాదు. 330 మైక్రోఫారడుల కెపాసిటరు 390 వోల్టులకు నిండియున్నచో 25 జౌళ్ల శక్తి అందులో దాగియుండును. ప్లగ్గు తీసిన పిమ్మటను అది కొంతసేపు నిలిచియుండవచ్చును. ఇది చిన్న తగులుడు కాదు.

మా ఊళ్ల కరెంటుకు తనదైన స్వభావమొకటి కలదు. పగటిపూట త్రీఫేజు వచ్చినంతనే బోరు మోటార్లన్నియు ఒక్కసారి మొదలగును. 5 హార్సుపవరు మోటారు తిరుగనారంభించు క్షణమున మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగును గనుక, అదే ట్రాన్స్‌ఫార్మరు మీది ఇండ్లలో వోల్టేజి కుంగును. బల్బు అప్పుడు మసకబారి ఊరకుండును, ఎస్.ఎం.పి.ఎస్. అట్లు ఊరకుండక, తన ఆవలి వాట్లను నిలుపుకొనుటకై ఎక్కువ కరెంటు లాగి, ఎక్కువ వేడెక్కును. చీటీపై 200–240 అని గాక 100–240 వోల్టులని వ్రాసియున్న డబ్బా ఈ కుంగుడును సులభముగా సహించును; దానికి స్టెబిలైజరు అక్కరలేదు. ఇంతకంటె భయంకరమైనది న్యూట్రలు తెగుట. అప్పుడు రెండు ఫేజుల నడుమ ఇండ్లు చిక్కుకొని, కొన్నిండ్లకు 400 వోల్టుల వరకు ఎక్కును. దీపములు తెల్లగా మండిపోవుట కనబడినంతనే మెయిన్ స్విచ్చి దింపవలెను. ముంగారు ఉరుములు మొదలైనప్పుడు ప్లగ్గును, ఇంటర్నెట్ తీగెను కూడ ఊడదీయుటకు మించిన రక్ష లేదు.

కరెంటు పోయిన ప్రతిసారి, ఇన్వర్టరున్నను, తన కంప్యూటరు తిరిగి మొదలగుచున్నదని మేనల్లుడు చాలకాలముగా బాధపడుచుండెను. ఎ.టి.ఎక్స్. నిబంధన ప్రకారము డబ్బా కరెంటు లేకుండ నిలువగల కాలము సుమారు 16 మిల్లీసెకన్లు, అనగా 50 ఆవృత్తుల విద్యుత్తులో ఒక్క ఊపు కంటెను తక్కువ. ఇంటి ఇన్వర్టరు వెనుక ఒక చిన్న స్విచ్చి యుండును. అది మామూలు స్థానములో నున్నప్పుడు బ్యాటరీకి మారుటకు ఇంతకంటె ఎక్కువ వ్యవధి తీసికొనును, యు.పి.ఎస్. స్థానములో నున్నప్పుడు తక్కువలో మారును. దానిని జరిపినంతనే ఆ పీడ వదలినది. కాని యు.పి.ఎస్. స్థానములో ఇన్వర్టరు 180 వోల్టులకు దిగువనుండు కరెంటును స్వీకరింపక బ్యాటరీ మీదనే నడుపును గనుక, మోటార్ల వేళ బ్యాటరీ త్వరగా తరుగును, దీనికి సిద్ధపడవలెను. చౌక ఇన్వర్టర్లిచ్చు చదరపు తరంగమును పవర్ ఫాక్టరు సవరణ గల డబ్బాలు కొన్ని ఒప్పుకొనక ఆగిపోవును. వానికి సైన్ తరంగపు ఇన్వర్టరే తగును.

క్రొత్త డబ్బాను బిగించు నాడు మొదట ప్లగ్గు తీసివేసి, కంప్యూటరు స్విచ్చిని ఒకసారి నొక్కి, మిగిలిన విద్యుత్తును కొంత పోగొట్టితిమి. పాత డబ్బాలలో వెనుక 115, 230 అని ఎఱ్ఱని జరుగుడు మీట యొకటి యుండెడిది; మన దేశమున దానిని 115 వైపు జరిపినచో లోపలి వోల్టేజి రెండింతలై, 650 దరికి పోయి, కెపాసిటర్లు పగులును. క్రొత్తవానిలో ఆ మీట లేదు. 24 కాళ్ల పెద్ద కనెక్టరు కొక్కెము ‘టిక్’ మనువరకు నొక్కవలెను. ప్రాసెసరు దరి నుండు నాలుగు కాళ్ల లేదా ఎనిమిది కాళ్ల కనెక్టరుకును, గ్రాఫిక్స్ కార్డుకు పోవు ఎనిమిది కాళ్లదానికిని ఆకారములో పోలిక యుండును. కాని పసుపు, నలుపు తీగెల వరుస ఒకదానిలో మరియొకదానికి వ్యతిరేకము. బలము చేసి దూర్చుట యనగా 12 వోల్టులను నేరుగా భూమి తీగెకు తాకించుటయే. వెనుకటి ఎ.టి. కాలపు పెట్టెలలో రెండు వేరు కనెక్టర్లను ప్రక్కప్రక్కన దూర్చవలసి వచ్చెడిది. నల్లతీగెలు నడుమ చేరవలెనని మెకానిక్కులు కంఠస్థము చేసెడివారు. నేడు కొక్కెములు ఆ పనిని చాలవరకు చేయుచున్నను, కేబుళ్లు విడిగా ఊడివచ్చు రకము డబ్బాలలో క్రొత్త ఉచ్చు పుట్టినది. డబ్బా వైపు కొసకు ఏ నియమమును లేదు. ఒక సంస్థ కేబులు మరియొక సంస్థ డబ్బాలో చక్కగా దూరును, కాని 5 వోల్టులుండవలసిన చోట 12 వచ్చి హార్డుడిస్కును కాల్చును. పాత డబ్బా కేబుళ్లను కట్టగట్టి వేరే సంచిలో పెట్టుమని మేనల్లునికి గట్టిగా చెప్పితిని. ఎన్నో కుటుంబముల దరఖాస్తుల నకళ్లు అతని హార్డుడిస్కులో నున్నవి.

ఆకుపచ్చ తీగెను నల్లతీగెతో వంచిన తీగెముక్కతో కలిపి, పంకా తిరిగినది గనుక డబ్బా బాగున్నదని అంగళ్లలో తేల్చుట కలదు. పంకా తిరుగుటకు రెండు మూడు వాట్లు చాలును. నూటయేబది వాట్లు మోయగలదో లేదో అది చెప్పదు. మేము అట్లు చేయక, అన్నియు బిగించి, మదర్‌బోర్డు తెలుపు కొలతలలో 12 వోల్టుల గడిని చూచి, పిమ్మట కంప్యూటరుచేత బరువైన పని చేయించుచు మరల చూచితిమి. రెండుసారులును అంకె 12కు అటునిటు కొద్ది తేడాతోనే నిలిచినది. టెస్టరు కేబినెట్టుకు ఆనించితిని, వెలుగలేదు. మేనల్లుడు చెప్పులు విడిచి, వట్టికాళ్లతో నిలిచి, అరచేయి పూర్తిగా పెట్టె వెనుక ఆనించి, కొంతసేపు అట్లే ఉంచెను. “ఏం లేదు మామా” అనెను.

గది వెనుక పాతిన గొట్టము మీది గరాటుకు రాతిపలక మూత పెట్టించితిమి. ఏప్రిల్ మొదలైనది మొదలు ప్రతి ఆదివారము, గది తలుపు తీయకముందే, అతడు ఒక కడవ నీళ్లు తెచ్చి ఆ మూత తొలగించి పోయుచున్నాడు. రేగడి ఆ నీటిని త్రాగు చప్పుడు దగ్గర నిలిచినవారికి వినబడును.